వ్యంగమా? వ్యంగ్యమా? – సందేహాలు, సమాధానాలు

సందేహం: ఈ మధ్య వచ్చిన కామెడీ సినిమాల బలాబలాల మీద ఒక వ్యాసం రాశాను. అందులో "ఈ సినిమాలకు అసలు బలం మాటల్లోని వ్యంగం" అని ఒకచోట, "హాస్యాస్పదమైన సన్నివేశాలు చాలా బాగా కుదిరాయి" అని ఇంకోచోట రాశాను. చదివిన మిత్రుడు రెండూ తప్పే అన్నాడు. వ్యంగం, వ్యంగ్యం ఒకటి కాదా? హాస్యాస్పదం అంటే హాస్యం ఉన్నది అని కాదా? వెటకారం, వెక్కిరింత, ఎగతాళి, పరాచికం లాంటి మాటలను ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది నిజమేనండీ. రెండూ దిద్దుకోవాల్సినవే. అయితే మొదటిదాన్ని "య వత్తు మర్చిపోయారు, పెట్టుకోండి" అని చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మీరు రాస్తున్న విషయానికి, అంటే కామెడీ సినిమాల బలాబలాలకి, ఆ ఒక్క వత్తుతో చాలా సంబంధం ఉంది.

ముందు వ్యాకరణం చూద్దాం. వ్యంగం అంటే వి + అంగం. అవయవ లోపం ఉన్నది, అంగవైకల్యం అని అర్థం. వికలాంగుడు అన్న మాటలోని అంగమే ఇదీ. ఆయుర్వేదంలో ముఖం మీద వచ్చే నల్లటి మచ్చలను కూడా వ్యంగం అంటారు, సంస్కృత నిఘంటువుల్లో దీనికి కప్ప అనే అర్థం కూడా కనిపిస్తుంది. ఎటు తిప్పినా శరీరానికి సంబంధించిన మాటే తప్ప, మాట తీరుకి సంబంధించింది కాదు.

వ్యంగ్యం పుట్టుక పూర్తిగా వేరు. అంజ్ అనే ధాతువుకి వి చేరి వచ్చింది. అంజ్ అంటే పూయడం, వెల్లడి చేయడం. కాటుకను అంజనం అంటాం కదా, ఆ ధాతువే. యుజ్ నుంచి యోగ్యం, భుజ్ నుంచి భోగ్యం వచ్చినట్టు ఇక్కడా జకారం గకారమై వ్యంగ్యం అయింది. వ్యక్తం అన్న మాట కూడా దీని తోబుట్టువే. వ్యక్తం అంటే వెల్లడైనది, వ్యంగ్యం అంటే వెల్లడి కావలసినది. మాటలో పైకి ఒకటి ఉంటుంది, వినేవాడి మనసులో ఇంకొకటి వెలుగుతుంది, ఆ వెలిగేదే వ్యంగ్యం. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాసినప్పుడు ఈ వ్యంగ్యార్థమే కావ్యానికి ప్రాణమని వాదించాడు. అప్పటికి అది నవ్వుకి మాత్రమే సంబంధించిన మాట కాదు, ప్రేమైనా దుఃఖమైనా సూచనగా చెబితే వ్యంగ్యమే. ఇవాళ మనం దాన్ని ఎక్కువగా చురక ఉన్న మాటకే వాడుతున్నాం. అది అర్థం మారడమే తప్ప తప్పు కాదు, భాషలో ఇలాంటివి సహజం.

మరి య ఎందుకు జారిపోతోంది? "వ్యంగ్యంగా" అన్నప్పుడు వెంటవెంటనే వ్య, గ్య రెండూ పలకాలి. మొదటి య వినపడగానే చెవికి సరిపోతుంది, రెండోది నాలుక వదిలేస్తుంది. మాట్లాడేటప్పుడు అలా పలికితే నేను ఎవరినీ తప్పు పట్టను. రాసేటప్పుడు మాత్రం నిలబెట్టుకోవాలి, ఎందుకంటే అది పోతే మాట చెడదు, వేరే మాట అయి కూర్చుంటుంది.

ఇప్పుడు మీ వాక్యం మళ్ళీ చదవండి: "ఈ సినిమాలకు అసలు బలం మాటల్లోని వ్యంగం." మీరు అనుకున్నది వేరు, రాసింది వేరు. బాధాకరమైన విషయం ఏమిటంటే, "మాటల్లోని" అన్న మాట తీసేసి "బలం" ఉన్నచోట "బలహీనత" అని పెడితే, మీరు రాసిన తప్పు మాటే కొన్ని సినిమాలకి అక్షరాలా సరిపోతుంది. 2022లో వచ్చిన ఎఫ్3నే తీసుకోండి. ఇద్దరు హీరోల్లో ఒకరికి రేచీకటి, ఇంకొకరికి నత్తి. నవ్వు రావాల్సిన చోట్లలో చాలా భాగం ఆ లోపాల మీదే నడుస్తాయి. సినిమా వ్యాపారపరంగా ఆడిందా లేదా అన్నది నా విషయం కాదు, ఇందులో నటుల ప్రతిభని తక్కువ చేయడం కూడా నా ఉద్దేశం కాదు. నేను అడిగేదల్లా ఒక్కటే, ఒక మనిషి మాట తడబడితే అందులో నవ్వడానికి ఏముంది? తడబడిన మాట వల్ల ఏదో కొత్త అర్థం పుట్టి, అది నవ్వు తెప్పిస్తే వేరు. తడబాటే నవ్వు అయితే అక్కడ ఉన్నది వ్యంగం, వ్యంగ్యం కాదు. నత్తి ఉన్న పిల్లవాడు అదే హాల్లో కూర్చుని ఉంటాడు, ఇంటర్వెల్‌లో పక్కనున్నవాళ్ళు తనని చూసే చూపు వాడికి తెలుస్తుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తక్కువే అనిపిస్తుంది.

దీనికి ఎదురు వాదం ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు హాస్యానికి కారణాలు చెబుతూ వికృత వేషం, అత్యాశ, పొంతన లేని మాటలు వంటి వాటితో పాటు "వ్యంగదర్శనం" అని కూడా చేర్చాడు. విదూషకుడు ఎలా ఉండాలో చెప్పినప్పుడు కూడా మరుగుజ్జు, ఎత్తుపళ్ళు, గూని, బట్టతల అని శరీరాన్నే వర్ణించాడు. కాబట్టి ఇది ఇవాళ సినిమావాళ్ళు కనిపెట్టిన రోగం కాదు, శాస్త్రంలోనే ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంది. అయితే జనం దేన్ని చూసి నవ్వుతారో భరతుడు గమనించి రాసిపెట్టాడు, ఆ నవ్వు మంచిదా కాదా అన్న విచారణ అక్కడ చేయలేదు. తర్వాత వచ్చిన మహాకవి కాళిదాసు ఆ సామగ్రిని ఎలా వాడుకున్నాడో చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది.

శాకుంతలం రెండో అంకంలో విదూషకుడు, రాజుతో పాటు వేటకి తిరిగి తిరిగి విసిగిపోయి, కాళ్ళూ చేతులూ పడిపోయినవాడిలా కర్రకి ఆనుకుని నిలబడతాడు. ఏమయిందయ్యా నీ ఒంటికి అని రాజు అడుగుతాడు. కంట్లో నువ్వే పొడిచి, కన్నీళ్ళెందుకు వస్తున్నాయని నన్నడుగుతావేం అంటాడు. అర్థం కాలేదంటాడు రాజు. అప్పుడు విదూషకుడు అడుగుతాడు, ఏటి ఒడ్డున ప్రబ్బలి మొక్క గూనిదానిలా వంగి ఉందంటే అది దాని సొంత గొప్పతనమా, ఏటి ఉరవడా అని. చూశారా, మొదలయింది వ్యంగంతోనే. ఒళ్ళు వంకర, గూని అన్న పోలిక, అన్నీ అవే. కానీ దెబ్బ ఎవరికి తగిలింది? గూనివాళ్ళకి కాదు, రాజుకి. వంచిన వాడెవడో చెప్పకుండా చెప్పాడు. వ్యంగం వ్యంగ్యంగా మారడం అంటే ఇదే, మాటలు రాసేవాళ్ళు ఈ ఘట్టం ఒక్కసారి చదివితే చాలా పనికొస్తుంది.

మన సినిమాల్లోనూ అలా మారిన సందర్భాలు లేకపోలేదు. 2015లో వచ్చిన భలే భలే మగాడివోయ్‌లో హీరోకి మతిమరుపు. కానీ నవ్వొచ్చేది మతిమరుపుకి కాదు, దాన్ని దాచడానికి అతను పడే తంటాలకి, ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం వెతుక్కోవడానికి. ప్రేక్షకుడు అతని పక్షాన నిలబడి, దొరికిపోతాడేమోనన్న టెన్షన్‌తో నవ్వుతాడు. కామెడీ సినిమా కాదు గానీ 2017 నాటి జై లవ కుశలో నత్తి ఉన్న అన్న పాత్ర ఉంది. చిన్నప్పుడు నాటకాల్లో ఆ నత్తి వల్ల పడిన అవమానం అతన్ని ఏం చేసిందో ఆ కథ చూపిస్తుంది. అదే లోపం, చూసే చోటు మారింది.

ఈ తేడాని ఇప్పుడు న్యాయస్థానం కూడా గుర్తించింది. వైకల్యం ఉన్నవాళ్ళని కించపరిచారంటూ ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు ఇస్తూ, వైకల్యం గురించి ఆలోచింపజేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాళ్ళని తక్కువ చేసే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది. నాకైతే ఆ తీర్పు చదివినప్పుడు మన వత్తు గుర్తొచ్చింది.

ఇక మీరడిగిన మిగతా మాటలు. ఇవి ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు.

వెక్కిరింతలో అనుకరణ ఉంటుంది, ఎదుటివాడి గొంతునో నడకనో చేసి చూపిస్తారు. వెటకారం మాట స్వరంలో ఉంటుంది, "అబ్బో, ఎంత గొప్పగా చెప్పారండీ" అన్నప్పుడు మాటలన్నీ పొగడ్తలే, స్వరమే తిట్టు. ఎగతాళిలో తక్కువ చేయడం ఉంటుంది, హేళన దాన్ని దాటి అవమానం దాకా పోతుంది. వెకిలి అనేది హాస్యంలో ఒక రకం కాదు, అది మన తీర్పు. వెకిలి నవ్వు, వెకిలి చేష్ట అంటే అభిరుచి బాగాలేదని చెబుతున్నామన్నమాట.

పరాచికం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పరాచికాలు ఆడుకోవడానికి చనువు కావాలి. నువ్వొకటి అంటావు, నేనొకటి అంటాను, ఇద్దరికీ వంతు వస్తుంది, ఎవరికీ గాయం కాదు. వెక్కిరింతలో ఒకడు చేస్తాడు, ఇంకొకడు పడతాడు. మీ వ్యాసంలో బలాల గురించి రాసేచోట ఈ పరాచికం అన్న మాట వాడుకోమని నా సలహా, ఎందుకంటే గత ఏడెనిమిదేళ్ళలో బాగున్న కామెడీ సినిమాల్లో చాలావాటికి ఊపిరి అదే. నలుగురు స్నేహితులు ఒకచోట చేరి, అసలు కథతో సంబంధం లేని దేని గురించో వాదించుకుంటూ ఉంటారు, ఒకడి మాట మీద ఇంకొకడు మాట వేస్తాడు, ఎవరి మాటా "ఇది జోకు" అన్నట్టు వినపడదు. పూర్వం హీరో కథ ఒక పక్క, కమెడియన్ ట్రాక్ ఇంకో పక్క నడిచేవి, ట్రాక్ మొత్తం కోసేసినా కథకి ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు నవ్వు పాత్రల స్వభావంలోంచి వస్తోంది. ఇది చిన్న మార్పు కాదు.

రెండో బలం భాష. దశాబ్దాల పాటు తెలంగాణ మాటని మన సినిమాలు విలన్ల పక్కనుండే రౌడీలకో, నవ్వించే చిన్న పాత్రలకో ఇచ్చాయి, ఆ భాషే నవ్వుకి కారణం అన్నట్టు. అది కూడా ఒక రకం వెక్కిరింతే. జాతిరత్నాలు (2021)లో జోగిపేట కుర్రాళ్ళు, డీజే టిల్లు (2022)లో హైదరాబాదీ హీరో మాట్లాడినప్పుడు నవ్వొచ్చేది వాళ్ళ భాషకి కాదు, వాళ్ళున్న పరిస్థితికీ, వాళ్ళ ధీమాకీ మధ్య ఉన్న దూరానికి. పీకల దాకా మునిగినవాడు ఏమీ కానట్టు మాట్లాడటం అచ్చంగా వ్యంగ్యం, చెప్పేది ఒకటి, మనకి కనపడేది ఇంకొకటి. గిరీశం గొప్పలకి మనం ఇప్పటికీ నవ్వేది కూడా ఇందుకే. అన్నట్టు "యాస" అన్న మాట వాడేటప్పుడు కాస్త ఆలోచించండి. అది విని నొచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, మాది యాస కాదు భాష అని వాళ్ళు అనడంలో న్యాయం ఉంది. మాండలికం అనండి, లేదా హాయిగా తెలంగాణ తెలుగు అనండి.

ప్రాస కామెడీ గురించి రెండు ముక్కలు. ఛందస్సులో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం కలవడం. పంచ్ డైలాగుల్లో చివర కలిసేది అంత్యప్రాస. వాడుకలో అన్నిటినీ ప్రాస అంటున్నారు, దానికి నాకు అభ్యంతరం లేదు. ఆ ప్రాసల మోత ఇప్పుడు తగ్గింది, అదీ మంచిదే. పంచ్ అన్న మాటని కూడా తెలుగులోకి దిద్దాల్సిన పనిలేదు, జోకు పేలింది అన్నట్టే పంచ్ పేలింది అంటున్నాం, అది మన క్రియతో కలిసిపోయింది.

బలహీనతల్లో వ్యంగం తర్వాత నాకు కనపడేది, అరువు నవ్వు. వేరే సినిమా డైలాగునో, నెల కిందట ఫోన్లలో తిరిగిన మీమ్‌నో తెచ్చి పాత్ర నోట్లో పెట్టేయడం. దీన్ని పేరడీ అని రాయకండి. పేరడీ అంటే మూలాన్ని లోతుగా చదివి, దాని నడకని పట్టుకుని, దాంతోనే కొత్త అర్థం పలికించడం, జరుక్ శాస్త్రి గారు చేసి చూపించింది అది. గుర్తుపట్టినందుకు వచ్చే నవ్వు వేరు, రెండేళ్ళ తర్వాత చూసినవాడికి అక్కడ ఎందుకు నవ్వాలో తెలియదు. ఇంకొకటి, రెండో సగంలో కిడ్నాపో, డ్రగ్సో వచ్చి మాటల సినిమా కాస్తా పరుగుల సినిమా అయిపోవడం. ఇది భాషకి సంబంధించింది కాదు కాబట్టి మీకే వదిలేస్తున్నాను.

చివరగా హాస్యాస్పదం. ఆస్పదం అంటే చోటు. హాస్యాస్పదం అంటే నవ్వుకి చోటైనది అనే విడి అర్థం వస్తుంది గానీ, తెలుగులో అది ఎప్పుడో "నవ్వులపాలయ్యేది, ఎగతాళి చేయదగినది" అనే అర్థంలో స్థిరపడింది. "ఆయన వాదన హాస్యాస్పదం" అంటే వాదన బాగుందని కాదు కదా. మీరు మెచ్చుకోవాలనుకున్న సన్నివేశాన్ని ఆ మాటతో తిట్టేశారు. "హాస్యభరితమైన" అనొచ్చు, లేదా తేలిగ్గా "నవ్వించే సన్నివేశాలు" అంటే ఇంకా బాగుంటుంది.

కాబట్టి మీ వాక్యాలు ఇలా మార్చుకోండి: "ఈ సినిమాలకు అసలు బలం మాటల్లోని వ్యంగ్యం, స్నేహితుల పరాచికం." "నవ్వించే సన్నివేశాలు చాలా బాగా కుదిరాయి." వీటికి ఇంకో వాక్యం చేరుస్తారా లేదా అన్నది మీ ఇష్టం, నేనైతే చేర్చేవాణ్ణి: "వ్యంగ్యం చేతకాని చోట కొన్ని సినిమాలు వ్యంగంతో సరిపెట్టుకున్నాయి." అచ్చుకి పంపే ముందు ఆ వత్తు ఉండాల్సిన చోట ఉందో లేదో, ఉండకూడని చోట చేరిందేమో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఈ వాక్యంలో "వ్యంగం" అన్నదాన్ని అచ్చుతప్పు అనుకుని ఎవరైనా దిద్దేసే ప్రమాదం ఉంది.