మెకానిక్స్ మూల: షాఫ్టులు, పైపులు, బోల్టుల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మెరైన్ ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. 6,000 కిలోవాట్ల ఇంజిన్, 120 ఆర్‌పీఎం, షాఫ్ట్ వ్యాసం 400 మి.మీ. అయితే షియర్ స్ట్రెస్ (లోహం పొరలను పక్కకు జరిపే ఒత్తిడి) ఎంత అన్న లెక్కకు ఒకసారి 38, ఇంకోసారి 304, మరోసారి 0.038 వస్తోంది. పైగా అదే షాఫ్టుకు మధ్యలో 200 మి.మీ. రంధ్రం చేయవచ్చని మాస్టారు అన్నారు. బలం సగానికి పడిపోదా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 38 మెగాపాస్కల్సే (చదరపు మి.మీ.కు 38 న్యూటన్లు) సరైన జవాబు. మిగతా రెండూ ఎక్కడ తప్పాయో ఆ అంకెలే చెబుతున్నాయి. ముందు టార్క్, అంటే షాఫ్టును తిప్పే బలం, కట్టండి. పవర్‌ను వాట్లలోకి మార్చి, 60తో గుణించి, రెండు పై (π) ఇంటూ ఆర్‌పీఎంతో భాగిస్తే 4,77,465 న్యూటన్ మీటర్లు. ఘన షాఫ్టుకు, అంటే మధ్యలో రంధ్రం లేనిదానికి, గరిష్ఠ స్ట్రెస్ అంటే 16 టార్కులను, పై ఇంటూ వ్యాసం ఘనంతో భాగించడం. వ్యాసం మి.మీ.లలో వేస్తున్నారు కాబట్టి టార్క్‌ను కూడా న్యూటన్ మి.మీ.లలోకి, అంటే వెయ్యితో గుణించి, మార్చాలి. అది మరిచిపోయినప్పుడు వచ్చిందే 0.038. ఇక వ్యాసం ఉండాల్సిన చోట 200 వ్యాసార్ధం వేస్తే, ఘనంలో 2 అనే అంకె మూడుసార్లు పడి జవాబు సరిగ్గా ఎనిమిది రెట్లవుతుంది. అదే 304. తిప్పుడు షాఫ్టుల్లో మామూలుగా కనిపించేవి పదుల మెగాపాస్కల్స్. వందలు, వెయ్యో వంతులు వచ్చాయంటే కలం పక్కన పెట్టి యూనిట్లు చూసుకోండి.

రంధ్రం సంగతి. బలం సగం కాదు గదా, పదో వంతు కూడా తగ్గదు. మెలితిప్పినప్పుడు స్ట్రెస్ షాఫ్ట్ నడిమధ్యన సున్నా, బయటికి వస్తున్నకొద్దీ పెరిగి పైతోలు దగ్గర గరిష్ఠం. మధ్యలో ఉన్న ఇనుము దాదాపు ఊరికే కూర్చుంటుంది. లోపలి వ్యాసం బయటి దానిలో సగమైతే పోయే భాగం సగం నాలుగో ఘాతం, అంటే 16లో ఒక వంతు. స్ట్రెస్ 38 నుంచి 40.5కి పెరుగుతుంది, అంతే. బరువు మాత్రం పావు వంతు తగ్గుతుంది. ఘన షాఫ్ట్ మీటరుకు సుమారు 986 కిలోలుంటే, రంధ్రం వల్ల మీటరుకు 247 కిలోలు తగ్గుతాయి. రెక్కల కోణం మార్చుకునే ప్రొపెల్లర్లకు నూనె పైపులు వెళ్లేది కూడా ఈ రంధ్రంలోంచే.

ఇదే షాఫ్ట్ పది మీటర్ల పొడవున ఎంత మెలిక పడుతుందో కూడా కట్టి చూడండి. స్టీలు షియర్ మాడ్యులస్ (మెలికకు లోహం చూపే బిరుసు) 80 గిగాపాస్కల్స్ అనుకుంటే ఘన షాఫ్ట్ సుమారు 1.36 డిగ్రీలు తిరుగుతుంది. ఓడలో టార్షన్ మీటరు ఈ చిన్న మెలికనే కొలిచి షాఫ్ట్ పవర్ చెబుతుంది.

ప్రశ్న: విరిగిన షాఫ్ట్ ముక్కను చూసి ఎందుకు విరిగిందో చెప్పవచ్చా?
– ఒక ట్రైనీ, బాలానగర్

జవాబు: చాలావరకు చెప్పవచ్చు. ముందు ఒక సుద్దముక్క తీసుకుని, వంచకుండా రెండు చేతులా మెలిపెట్టండి. అడ్డంగా విరగదు. 45 డిగ్రీల వాలులో, మర చుట్టుకున్నట్టు విరుగుతుంది. మెలికలో గరిష్ఠ లాగుడు ఆ వాలు మీదే ఉంటుంది, సుద్దకు లాగుడంటే గిట్టదు. పోత ఇనుమూ అంతే. మైల్డ్ స్టీలుకు షియర్ బలం తక్కువ కనుక ఒక్కసారిగా మెలిపెట్టి తెంపితే షాఫ్టుకు అడ్డంగా, చదునుగా తెగుతుంది.

కానీ ఓడల్లో షాఫ్టులు అలా ఒక్కసారిగా తెగడం అరుదు. ఎక్కువ భాగం అలసట వల్ల, అంటే ఫెటీగ్ వల్ల పోతాయి. తెగిన ముఖం మీద ఆల్చిప్ప మీది గీతల్లాంటి వంపు గీతలు చూడండి. అవి ఏ మూలకు కుదించుకుపోతుంటే పగులు మొదలైంది అక్కడే. గీతలున్న నున్నటి భాగం ఎక్కువై, చివరికి తెగిన గరుకు భాగం చిన్నదైతే లోడు తక్కువే, పగులు నెమ్మదిగా నడిచిందని అర్థం. గరుకు భాగం పెద్దదైతే లోడు ఎక్కువ. పైతోలు మీద 45 డిగ్రీల్లో పగుళ్లు, ముఖ్యంగా నూనె రంధ్రం అంచునో కీవే (కీ కూర్చునే గాడి) మూలనో కనబడితే మొదట టార్షనల్ వైబ్రేషన్‌ను, అంటే అటూ ఇటూ మెలిపెట్టే అదురును, అనుమానించండి.

మొదటి జవాబుతో దీన్ని కలిపి చూడండి. మధ్యలో 200 మి.మీ. రంధ్రం చేసినా ఏమీ కాని షాఫ్ట్, పైతోలు మీద పదునైన మూల ఉన్న చిన్న గాడితో పోతుంది. కీ బిగించే టెయిల్ షాఫ్ట్ (ప్రొపెల్లర్ అమర్చే చివరి షాఫ్ట్) టేపరులో, అంటే సన్నబడే భాగంలో, కీవే ముందు కొసను చెంచాలా నున్నగా తేల్చేది ఇందుకే. డ్రై డాక్‌లో ప్రొపెల్లర్ తీసినప్పుడు ఆ కొస దగ్గర మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష తప్పక చేయించాలి. కంటికి ఆనని పగులు అందులో నల్లగీతలా తేలుతుంది.

ప్రశ్న: ఆవిరి పైపు పొడవుగా ఉంటే వేడికి పుట్టే స్ట్రెస్ కూడా ఎక్కువ కదా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: సాగేది ఎక్కువ, స్ట్రెస్ కాదు. పది మీటర్ల స్టీలు పైపు 30 నుంచి 180 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 18 మి.మీ. సాగుతుంది. రెండు కొసలూ కదలకుండా బిగించేస్తే స్ట్రెస్ 360 మెగాపాస్కల్స్. పైపు ఒక్క మీటరే ఉన్నా అంతే! మైల్డ్ స్టీలు యీల్డ్ స్ట్రెస్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు) సుమారు 250 కనుక పైపు వంకరైనా పోతుంది, పైపులు కలిపే ఫ్లాంజి దగ్గర కారడమైనా మొదలవుతుంది. మీ ఇంటి దగ్గర పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే చక్రాల కింద వరసగా టక్కుమనే జాయింట్లు వంతెనకు ఇచ్చిన ఇలాంటి వెసులుబాటే. ఓడలో పైపు వంపులూ, బెలోసూ (ముడతలతో సాగి ముడుచుకునే గొట్టం) ఆ పని చేస్తాయి.

తప్పు జరిగేది ఎక్కువగా రిపేరులో. జారాల్సిన సపోర్టును వెల్డింగ్ చేసేస్తారు. లేదా రవాణా కోసం కొత్త బెలోస్‌కు బిగించి పంపిన కడ్డీలు తీయకుండానే ఆవిరి వదిలేస్తారు. వదిలే ముందు తయారీదారు డ్రాయింగు చూసి, ఏ కడ్డీ తీయాలో, ఏది ఉంచాలో సరిచూసుకోండి. కదలికకు హద్దు పెట్టే కడ్డీలు కొన్ని శాశ్వతంగా ఉండాల్సినవే.

ప్రశ్న: రాణీగంజ్‌లో కొన్న బోల్టు తల మీద 8.8 అని ఉంది. ఏమిటది?
– ఒక డిప్లొమా విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: మొదటి 8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్. చుక్క తర్వాత 8 అంటే అందులో 80 శాతం, అంటే 640, యీల్డ్ స్ట్రెస్. ఎం20 (20 మి.మీ. వ్యాసం) బోల్టుకు మరల దగ్గర లెక్కలోకి వచ్చే వైశాల్యం 245 చదరపు మి.మీ. గుణిస్తే సుమారు 157 కిలోన్యూటన్లు, దాదాపు 16 టన్నుల లాగుడు దాకా శాశ్వతంగా సాగదు. అయితే ఈ లెక్క చూసుకుని ఇంజిన్ బాటమ్ ఎండ్ బోల్టు (కనెక్టింగ్ రాడ్డు కింది కొసను క్రాంక్‌కు బిగించేది) స్థానంలో బజారు బోల్టు ఎప్పుడూ పెట్టకండి. అక్కడ బోల్టును చంపేది ఒక్కసారి పడే లోడు కాదు, లక్షలసార్లు మారే లోడు. బిగింపు తక్కువైతే ఆ మార్పులో ఎక్కువ వాటా బోల్టే మోయాల్సి వస్తుంది. తయారీదారు చెప్పిన బోల్టునే, చెప్పిన సాగుడు లేదా టార్క్ కొలిచి బిగించండి. అది నడిచిన గంటలను లాగ్‌బుక్‌లో రాసుకుంటూ, చెప్పిన గంటలు నిండగానే, చూడ్డానికి కొత్తదానిలా ఉన్నా సరే, తీసి పారేయండి.