బడి కబుర్ల కాగితం: కొత్త టీచరమ్మకు పెద్దమ్మ ఉత్తరం

నెల్లూరు,
నవంబరు 2025

బంగారు తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు పొయ్యి మీద పాలు ఉండి సరిగా మాట్లాడలేకపోయా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మెగా డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చి, ఉదయగిరి దుర్గం కనిపించే ఊళ్లో బళ్లో చేరి నీకింకా రెండు నెలలు నిండలేదు. అప్పుడే "నెలనెలా మా బడి విశేషాలు ఒక కాగితం మీద వేసి ఇంటింటికీ పంపాలనుంది, ఎట్టా చెయ్యాలి పెద్దమ్మా" అని అడిగావు. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నా 34 ఏళ్ల సర్వీసులో మూడు బళ్లలో నేను ఈ పని చేశా. ఒకటి అల్లూరు పక్క ఉప్పు కయ్యల ఊళ్లో, ఒకటి మెట్టలో, ఆఖరిది కోవూరు మాగాణిలో. చేతికి తెలిసిన సంగతులు చెప్తా, నీకు పనికొచ్చేవి తీసుకో.

ముందు నువ్వు నమూనాగా రాసి పంపిన నాలుగు లైన్ల గురించి. "బాలల దినోత్సవ వేడుకలను పాఠశాలలో ఘనంగా నిర్వహించడమైనది. విద్యార్థినీ విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని రాశావు. బడి పేరు మారిస్తే ఇది రాష్ట్రంలో ఏ బడికైనా సరిపోతుంది తల్లీ. అదే సంగతి నువ్వు ఫోన్లో ఎట్టా చెప్పావు? ఉదయగిరి చెక్క చెంచాలు తెప్పించి నిమ్మకాయ పరుగు పెట్టామని, ఒకటో తరగతి పిల్లాడు సగం దూరంలో నిమ్మకాయ కింద పడితే దాన్ని చేత్తో పట్టుకుని, చెంచా నోట్లో పెట్టుకుని, గీత దాటేదాకా ఆగకుండా పరిగెత్తాడని చెప్పావు. నాకు ఆ పిల్లాడు కళ్లకు కట్టాడు. వాళ్ల అమ్మ చదవాల్సింది అదీ. "ఘనంగా" అన్న మాట నీ కాగితంలోకి రానివ్వకు. "నిర్వహించడమైనది" ఆఫీసుకు పంపే రిపోర్టులో రాసుకో.

కంప్యూటర్లో రంగుల్లో చేయిస్తానన్నావు. వద్దు. పిల్లకాయల చేతే రాయించు. టైపు చేసిన కాగితాన్ని ఊళ్లోవాళ్లు గవర్నమెంటు నోటీసు అనుకుని మడిచి చూరులో పెడతారు. వంకరటింకర అక్షరాలు కనబడితే "ఇది ఎవరి రాత?" అని అడుగుతారు. అడిగారంటే చదివినట్టే.

నీ బళ్లో 27 మంది ఉన్నారన్నావు కదా. హాజరుపట్టీలో ఉన్న వరసలో 27 పేర్లూ ఒక కాగితం మీద రాసుకో. ఏ నెల ఎవరి పేరు కబుర్లలోకి వచ్చిందో టిక్కు పెట్టుకో. మూడు నెలలు తిరిగేసరికి టిక్కు లేని పేరు ఒక్కటి కూడా ఉండకూడదు. ఇదొక్కటి మాత్రం పట్టు వదలొద్దు. బాగా చదివేవాళ్ల పేర్లు వాటంతట అవే వచ్చేస్తాయి. వెనక గోడకు ఆనుకుని కూర్చుని, పిలిస్తే తప్ప పలకని పిల్ల పేరు రావాలంటే నువ్వు ఆ పిల్లను ఒక వారం పనిగట్టుకుని గమనించాలి. నేను అట్టా గమనిస్తేనే ఒక పిల్లకు మా బడి ఆవరణలో వాలే పిట్టల పేర్లన్నీ తెలుసని బయటపడింది. అంతకుముందు ఏడాదిన్నర ఆ పిల్ల నా ముందే కూర్చుంది.

ఏది వార్త అని అడిగావు. మెట్ట బళ్లో నా దగ్గర రెండో తరగతి చదివే పిల్లాడు ఒకసారి ఇట్టా రాశాడు: "మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది. నల్లదానికి పాలు చాలడం లేదు." అంతే. ఒక్క మాట మార్చకుండా వేశా. మరుసటి నెల కాగితం పంచడానికి పిల్లలు వెళ్తే ముగ్గురు నలుగురు ఆడవాళ్లు ముందు అడిగింది "నల్లపిల్ల ఎట్టా ఉంది?" అని. అప్పుడు నాకు తెలిసింది, పోయిన నెల మొదలుపెట్టిన సంగతి ఏమైందో ఈ నెల చెప్పాలని. బోరింగు చెడిపోయిందని రాస్తే, బాగయిందో లేదో పై నెల రాయాలి. బాగుకాకపోతే ఇంకా కాలేదనే రాయాలి. ఇట్టా రెండు నెలలు రాసేసరికి ఊళ్లోవాళ్లే మెకానిక్కుకు ఫోన్లు చేస్తారు.

మీ తాతయ్య సంగతి గుర్తొస్తా ఉంది. జమీందార్ల మీద రైతుల పక్షాన నిలబడ్డ జమీన్ రైతు పత్రిక వెలువడేది మన నెల్లూరు నుంచే. ఆయన దాని కోసం వారమంతా ఎదురుచూసి, చేతికి రాగానే ముందు మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఎక్కడున్నాయా అని వెతికేవాడు. ఢిల్లీ సంగతులు తర్వాత. మనుషులకు తమ ఊరి పేరు అచ్చులో చూసుకోవాలని ఉంటుంది. పిల్లల పేర్లయితే ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ మెట్ట బళ్లోనే, ఒక ఏడు హాజరు బాగా పడిపోయింది. పేర్లు వేస్తే పట్టుదల వస్తుందనుకుని, జనవరి నెల కాగితంలో పైన ఎక్కువ రోజులు వచ్చిన ముగ్గురి పేర్లు, కింద తక్కువ రోజులు వచ్చిన ముగ్గురి పేర్లు వేశా. అడుగున ఉన్న పిల్ల నాలుగో తరగతి. ఆ నెలలో 6 రోజులే వచ్చింది. వాళ్లమ్మ గుంటూరు పక్కకు మిరపకోతలకు పోయింది. ఇంట్లో తమ్ముడికి ఏడాది నిండలేదు. ముసలామె ఉంది గానీ ఆమెకు కళ్లు సరిగా ఆనవు. ఆ పిల్లే వాణ్ణి ఎత్తుకుని తిరిగేది. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసే వేశా. టీ అంగడి దగ్గర ఎవరో ఆ పేర్లు పైకి చదివారట. నాన్న తలవంచుకుని లేచి వెళ్లిపోయాడట. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. ఇంటికి రెండుసార్లు వెళ్లా. రెండోసారి తలుపు వెనక నిలబడి నన్ను చూసింది గానీ బయటికి రాలేదు. ఆ ఏడు అట్టాగే పోయింది.

అందుకని మొదటి రోజే గట్టిగా అనుకో: ర్యాంకులు వద్దు, తక్కువ రోజులు వచ్చినవాళ్ల పేర్లు వద్దు, చదవడం రానివాళ్ల పేర్లు వద్దు, ఎవరింటి కష్టమూ వద్దు. హాజరు చెప్పాలంటే బడి మొత్తానికి కలిపి చెప్పు. "ఈ నెల బడి 22 రోజులు. ఒక్క రోజు కూడా 27 మందీ రాలేదు. 11వ తేదీ 26 మంది వచ్చారు" అని రాస్తే పిల్లకాయలే లెక్క వేసుకుంటారు, ఆ ఒక్కరినీ పిలుచుకొస్తారు.

జరిగినవి ఎన్ని రాసినా, జరగబోయేవి రాస్తేనే తల్లులు కాగితం దాచుకుంటారు. మీ టీచర్లిద్దరూ కాంప్లెక్స్ మీటింగుకు, అంటే చుట్టుపక్కల బళ్ల టీచర్ల సమావేశానికి, పోయే రోజు ఏది, ఐదో తరగతి పిల్లలకు నవోదయ, గురుకులం పరీక్షలకు దరఖాస్తు ఎప్పటిలోగా పెట్టాలి, ఒంటిపూట బడులు ఏ రోజు నుంచి, ఇవన్నీ వెనకపేజీలో పైనే ఉండాలి. ఫిబ్రవరి 10 నులిపురుగుల మాత్ర వేసే రోజు అనుకో. జనవరి కాగితంలోనే వెయ్యి: మాత్ర నమిలి మింగాలి, ఆ రోజు రాని పిల్లలకు వారం తర్వాత మళ్లీ వేస్తారు అని. ముందే చెప్తే "అడక్కుండా ఏదో మాత్ర మింగించారు" అనే గొడవ రాదు.

జయంతులు, వర్ధంతులు వస్తాయి. ఫోటోకు దండ వేసి, చాక్లెట్టు పంచి ఊరుకోవద్దు. వచ్చే నెల 15న పొట్టి శ్రీరాములు గారి వర్ధంతి. మన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల చేతికి క్యాలెండరు ఇచ్చి లెక్కపెట్టించు: 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15. మొత్తం 58. ఒక్కో రోజుకు ఒక్కో చింతగింజ గచ్చు మీద పేర్పించు. నేను చేయించినప్పుడు గింజలు పేర్చుకుంటూ పోతూ పోతూ పిల్లలు మాటలు ఆపేశారు. ఒకడు "ఇన్ని రోజులు మా నాయన అన్నం లేకుండా ఉండలేడు టీచర్" అన్నాడు. ఆ నెల కాగితంలో ఆ మాటే వేశా. 1952 అన్న అంకె వాళ్లకు ఆ రోజు తర్వాత మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇంకొకటి, వానసీసా. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొన్న మొంథా తుపానుకు బళ్లు మూసినప్పుడు నీకూ తెలిసే ఉంటుంది. పక్కలు నిటారుగా ఉన్న లీటరు నీళ్ల సీసా ఒకటి తీసుకుని మెడకింద కోసెయ్యి. కోసిన మెడను తలకిందులుగా లోపల దూరిస్తే గరాటు అవుతుంది. అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి నాలుగు గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయించు. పైకి స్కేలుతో మిల్లీమీటర్లు. చెట్టు కిందా, చూరు కిందా కాకుండా ఆరుబయట ఇటుకల మధ్య నిలబెట్టు. రోజూ ఉదయం ప్రార్థన కాగానే ఇద్దరు పిల్లలు చూసి రాసుకోవాలి, తర్వాత నీళ్లు సున్నా గీతకు సరిచెయ్యాలి. నెల మొత్తం లెక్క కాగితంలో పెట్టెకట్టి వెయ్యి. మెట్ట రైతు ఆ పెట్టె చూడకుండా కాగితం కింద పెట్టడు. నాకు నమ్మకమే, ఎందుకంటే చదువురాని రైతులు కూడా "ఈ నెల వాన ఎంతమ్మా" అని మా బడికి వచ్చి అడిగి పోయేవాళ్లు.

కాగితం పని చెప్తా. ఏ4 ఒక్కటే, రెండు వైపులా. పెన్సిలు జిరాక్సులో పడదు, నీలం మసకగా వస్తుంది, నల్ల పెన్నే వాడించు. నాలుగు పక్కలా అరంగుళం ఖాళీ వదిలించు, లేకపోతే మిషను అంచు అక్షరాలు కోసేస్తుంది. రూళ్ల కాగితం కింద పెట్టి గీత విడిచి గీత రాయించు. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉన్నాయి కదా, వరసలు దగ్గరయితే ఒకదానికొకటి తగులుకుంటాయి. అక్షరం చింతగింజంత ఉండాలి, అవ్వలు కూడా చదవాలి. తప్పులు నువ్వు దిద్దకు. పిల్ల చేత పైకి చదివించు. తన తప్పు తనకే వినబడుతుంది. అప్పటికీ వినబడకపోతే చెప్పు.

మొదటి వారం సంగతులు ఏరడం, మూడో వారం చిత్తు, ఆఖరి శనివారం, ఎట్టాగూ సంచులు తేని రోజు కదా, సాపు. ఆ రోజు తప్పితే పై నెలకు పోతుంది, రెండు నెలలు పోతే ఆగిపోతుంది. నా రెండో బళ్లో అట్టాగే ఒకసారి ఏడు నెలలు ఆగింది.

పంచడం ఎట్టాగంటే, ఒక్కో పిల్ల తన ఇంట్లో పైకి చదివి వినిపించాలి. చదవని తల్లి, నానమ్మ ఉన్న ఇళ్లలో అదే ముఖ్యం. ఇంట్లో ఎవరు విన్నారో మర్నాడు అడుగు. ఒక కాగితం పాలకేంద్రం దగ్గర, ఒకటి టీ అంగడి దగ్గర అంటించు. బెంగుళూరులో, కువైటులో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లో ఫోటో తీసి పంపు. కాగితం ఫోటో చాలు. పిల్లల మొహాలు ఊరందరి ఫోన్లలో తిప్పొద్దు.

డబ్బు లెక్కలు కూడా వెయ్యి. గ్రాంటు ఎంత వచ్చింది, సుద్దముక్కలకెంత, ట్యూబులైటుకెంత, మూడు లైన్లలో. వెయ్యడానికి ముందు కమిటీ ముందు పెట్టు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. జూలై 10న మెగా పీటీఎంకు, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సమావేశానికి, వచ్చి సంతకాలు పెట్టిన ఆ తల్లులు మళ్లీ బడికి వచ్చారో లేదో కనుక్కో. లెక్క చూడటానికి పిలిస్తే వస్తారు. ఇక నాయకుల ఫోటోలు, దాతలకు పొగడ్తలు, ఊళ్లో రెండు వర్గాల సంగతులు ఏవీ రానివ్వొద్దు. ఫ్యాను ఇచ్చినవాళ్ల పేరు ఒక లైనులో వెయ్యి, అన్నం వండే ఆయమ్మ పేరు కూడా అంతే అక్షరాల్లో వెయ్యి. ఆమె కోడిగుడ్లు ఒలిచేటప్పుడు పగిలినవి ఎవరికీ పెట్టకుండా తాను తింటుందని నువ్వే చెప్పావు. అది రాయించు.

మొదలుపెట్టే ముందు మీ హెడ్మాస్టరు గారిని ఒక మాట అడుగు. ఆయనకు ఒక మూల ఇవ్వు. ఆ ఊరి పాత సంగతులు చెప్పమను. పెద్దాయన, నీకంటే ఆయనకు ఆ ఇళ్లు బాగా తెలుసు.

మొదటి కాగితం నాకు పోస్టులో పంపు. ఫోన్లో అయితే నాకు అక్షరాలు ఆనవు. వెనకవైపు మూలన ఎవరు రాశారో ఆ పిల్ల పేరు, తరగతి రాయించు. జవాబు నీకు కాదు, ఆ పిల్లకు రాస్తా. డిసెంబరు వాన లెక్క మర్చిపోవద్దు.

మీ పెద్దమ్మ