బెర్లిన్‌లో ఆ వీధులన్నింటికీ ఆఫ్రికా పేర్లే ఎందుకు?

"బెర్లిన్ వెళ్లినప్పుడు వెడ్డింగ్ అనే ఏరియాలో కామెరూన్ వీధి, టోగో వీధి, కాంగో వీధి అని వరసపెట్టి ఆఫ్రికా పేర్లే చూశాను. అక్కడ ఆఫ్రికన్లు ఎక్కువా? అసలు జర్మన్లు వీధులకు పేర్లు ఎలా పెడతారు?" అని అడిగారు. నేను అద్దెకుండేది ఆ వీధుల్లోనే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. (వెడ్డింగ్‌కీ పెళ్లికీ ఏ సంబంధం లేదు. మధ్యయుగాల్లో ఇక్కడ ఉండి, తర్వాత పాడుబడిపోయిన ఒక పల్లె పేరు అది.)

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. ఇక్కడ పేర్లు ముందొచ్చాయి, మనుషులు చాలా తర్వాత వచ్చారు. ఇప్పుడు ముల్లర్ ష్ట్రాసె (ష్ట్రాసె అంటే వీధి) వెంట నడిస్తే ఆఫ్రికన్ సెలూన్లు, కిరాణా షాపులు కనిపిస్తాయి, నిజమే. కానీ 1899లో కామెరూనర్ ష్ట్రాసె, టోగో ష్ట్రాసె అని మొదటి రెండు పేర్లు పెట్టేనాటికి ఈ వైపంతా ఊరి చివర, ఇంకా ఇళ్లు లేని పొలాలు, ఇసుక దిబ్బలు. ఇళ్లకంటే ముందే వీధులు గీసి, వీధులకు పేర్లు పెట్టడం అప్పటి బెర్లిన్ పద్ధతి. 1862లో హోబ్రెష్ట్ అనే ఇంజనీరు నగరం చుట్టూ ఎటు ఎంత పెరగాలో ఒక పెద్ద ప్లాన్ వేశాడు. అందులో చాలా వీధులకు నంబర్లే ఉండేవి. మన దగ్గర కొత్త వెంచర్‌లో రోడ్ నంబర్ 3, రోడ్ నంబర్ 4 అన్నట్టే. తర్వాత ఒక్కో ముక్కలో కట్టడాలు మొదలయ్యేటప్పుడు పేర్లు ఇచ్చుకుంటూ పోయారు.

అలా ఇచ్చేటప్పుడు ఒక ఏరియా మొత్తానికి ఒకే వరస పట్టుకుంటారు. ఇది జర్మనీ అంతటా కనిపిస్తుంది. ఒకచోట అన్నీ పువ్వుల పేర్లు, ఒకచోట పక్షులు, ఒకచోట సంగీతకారులు. మా దగ్గరే చూడండి. ముల్లర్ ష్ట్రాసె దాటి అవతలికి వెళ్తే లండన్, ఆక్స్‌ఫర్డ్, డబ్లిన్, ఎడిన్‌బరో. లియోపోల్డ్ ప్లాట్స్ (ప్లాట్స్ అంటే స్క్వేర్) వైపు వెళ్తే బ్రస్సెల్స్, ఆంట్‌వెర్ప్, ఘెంట్. తూర్పున మరికాస్త పోతే ఓస్లో, స్టాక్‌హోమ్. పోస్ట్‌మ్యాన్‌కూ కొత్తవాళ్లకూ ఇది చాలా సౌకర్యం. "ఏదో యూరప్ ఊరి పేరే, గుర్తు రావట్లేదు" అన్నా సగం దారి తెలిసిపోతుంది. పాత దారులకు మాత్రం పాత కారణాలే. ముల్లర్ ష్ట్రాసెకు ఆ పేరు అక్కడ గాలిమరలు తిప్పి పిండి ఆడించినవాళ్ల వల్ల వచ్చింది.

మరి ఆఫ్రికా ఎందుకు? 1884 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా జర్మనీకి ఆఫ్రికాలో కాలనీలు ఉండేవి. టోగో, కామెరూన్, ఇప్పటి నమీబియా, ఇప్పటి టాంజానియా, రువాండా, బురుండి. ఆఫ్రికా ఎవరికెంత అని యూరప్ దేశాలు మాట్లాడుకున్న సమావేశం కూడా 1884 నవంబర్ నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లోనే జరిగింది. అంటే ఈ పేర్లు "మన ఆస్తులు ఇవీ" అని వీధి మూలల్లో రాసుకున్న జాబితా. దీనికి తోడు హాంబర్గ్‌కు చెందిన జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ పక్కనున్న రేబెర్గె దిబ్బల్లో పెద్ద జంతు ప్రదర్శనశాల పెట్టాలనుకున్నాడు. జంతువులతో పాటు కాలనీల నుంచి మనుషుల్ని కూడా తెచ్చి చూపించాలన్నది ప్లాన్. ఆయన 1913లో పోయాడు, మరుసటేడు యుద్ధం వచ్చింది, అది ఆగింది. ఆ దిబ్బల మీదే ఇప్పుడు మేం సాయంత్రాలు వాకింగ్ చేసే పార్కు ఉంది.

కాలనీలు పోయాక కూడా ఈ వరస ఆగలేదు. నాజీల కాలంలో మరికొన్ని వీధులు చేరాయి. చివరిది ఘనా ష్ట్రాసె, 1958లో వచ్చింది. ఘనా అంతకుముందు సంవత్సరమే స్వతంత్రమైంది. ఈ మొత్తంలో ఒక స్వతంత్ర దేశాన్ని చూసి పెట్టిన పేరు ఇదొక్కటే, నాకు బాగా నచ్చిన పేరూ ఇదే.

దేశాలు, ఊళ్ల పేర్లతో ఎవరికీ పెద్ద పేచీ లేదు. గొడవంతా ముగ్గురు మనుషుల పేర్ల మీద వచ్చింది. దాదాపు నలభై ఏళ్లుగా నలిగిన గొడవ అది.

మొదటివాడు అడోల్ఫ్ లూడెరిట్స్, బ్రేమెన్ ఊరి పొగాకు వ్యాపారి. 1883లో ఇప్పటి నమీబియా తీరంలో బెతానీ నామా తెగ నాయకుడు జోసెఫ్ ఫ్రెడరిక్స్ దగ్గర సముద్రం నుంచి లోపలికి 20 మైళ్ల వెడల్పున భూమి కొన్నాడు. నాయకుడికి తెలిసిన మైలు ఇంగ్లీషు మైలు, సుమారు 1.6 కిలోమీటర్లు. సంతకాలయ్యాక లూడెరిట్స్ "నేనన్నది జర్మన్ మైలు" అన్నాడు. అది సుమారు 7.4 కిలోమీటర్లు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ మోసం వివరించక్కర్లేదు.

రెండోవాడు గుస్తావ్ నాఖ్టిగాల్. వృత్తికి డాక్టరు, పేరున్న యాత్రికుడు. 1884 జులైలో జర్మన్ ప్రభుత్వ ప్రతినిధిగా వెళ్లి టోగోలో, కామెరూన్‌లో జెండా పాతాడు. ముగ్గురిలో ఈయన గురించే ఇక్కడివాళ్లు కొంచెం మెత్తగా మాట్లాడతారు, యాత్రికుడిగా రాసిన పుస్తకాల వల్ల.

మూడోవాడు కార్ల్ పేటర్స్. తూర్పు ఆఫ్రికాలో జర్మన్ కాలనీకి పునాది వేసినవాడు. తన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి, ఒక యువతిని ఉరితీయించాడు. ఆ సంగతి 1896లో పార్లమెంటులో బయటపడి పెద్ద రభస అయింది, 1897లో ఉద్యోగం పోయింది. కాలనీలను సమర్థించే ప్రభుత్వమే భరించలేకపోయిందంటే ఊహించుకోండి. అలాంటివాణ్ణి నాజీలు మళ్లీ హీరోను చేసి, 1939లో ఇక్కడి వీధికి పేటర్స్ అలే (అలే అంటే చెట్ల వరసలున్న రోడ్డు) అని పేరు పెట్టారు.

1986లో అధికారులు ఒక తెలివైన పని చేశామనుకున్నారు. బోర్డు మార్చకుండా, "ఈ పేటర్స్ ఆ పేటర్స్ కాదు, హాన్స్ పేటర్స్" అని ప్రకటించారు. ఈ హాన్స్ పేటర్స్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్, నాజీలను వ్యతిరేకించిన మంచి మనిషే. కానీ నాకు అన్నింటికంటే చిరాకు తెప్పించేది ఈ సర్దుబాటే. అడ్రస్ మార్చుకునే శ్రమ ఎవరికీ లేకుండా, తప్పు దిద్దామని కాగితం మీద రాసుకోవడానికి పనికొచ్చింది, అంతే. పాపం ఆ ప్రొఫెసర్‌కైనా ఏం గౌరవం దక్కింది?

చివరికి అసలు మార్పు ఇటీవలే జరిగింది. 2022 డిసెంబర్ 2న లూడెరిట్స్ ష్ట్రాసె పోయి కొర్నేలియుస్ ఫ్రెడరిక్స్ ష్ట్రాసె వచ్చింది, నాఖ్టిగాల్ ప్లాట్స్ మాంగా బెల్ ప్లాట్స్ అయింది. 2024 ఆగస్టు 23న పేటర్స్ అలేను రెండు ముక్కలు చేసి, ఒకదానికి అన్నా ముంగుండా, రెండోదానికి మాజీ మాజీ అనే తిరుగుబాటు పేరు పెట్టారు.

కొత్త పేర్లు ఎలా ఎంచారో చూడండి, అసలు విషయం అక్కడుంది. కొర్నేలియుస్ ఫ్రెడరిక్స్ కూడా ఆ బెతానీ నామా తెగవాడే, మైళ్ల లెక్కలో మోసపోయినవాళ్ల మనిషే. జర్మన్ల మీద పోరాడి 1907లో షార్క్ ఐలాండ్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆ శిబిరం ఉన్నది లూడెరిట్స్ పేరే పెట్టుకున్న ఊరి ఒడ్డున. నాఖ్టిగాల్ జెండా పాతడానికి రెండు రోజుల ముందు కామెరూన్ తీరంలో ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లలో రాజు బెల్ ఒకడు. ఆయన మనవడు రుడోల్ఫ్ దువాలా మాంగా బెల్ జర్మనీలో చదువుకుని వచ్చి, దువాలా ప్రజలను వాళ్ల ఇళ్ల నుంచి ఖాళీ చేయించే ప్లాన్‌ను అదే ఒప్పందం చూపించి ఎదిరించాడు, బెర్లిన్ పార్లమెంటుకు అర్జీలు పెట్టాడు. 1914 ఆగస్టు 8న ఉరితీశారు. స్క్వేర్ పేరులో ఆయన భార్య ఎమిలీ కూడా ఉంది. మాజీ మాజీ అన్నది 1905లో తూర్పు ఆఫ్రికాలో, అంటే కార్ల్ పేటర్స్ సంపాదించిపెట్టిన కాలనీలో, లేచిన తిరుగుబాటు. దాన్ని అణచడంలోనూ ఆ వెంట వచ్చిన కరువులోనూ లక్షల్లో చనిపోయారు.

అంటే మ్యాప్ మీద నుంచి చరిత్ర తుడిచేయలేదు. కథ అదే, వీధిలో నిలబడిన మనిషి మారాడు. "చరిత్రను చెరిపేస్తున్నారు" అని అప్పట్లో చాలామంది అన్నారు కానీ, నా మటుకు నాకు పాత పేరు ఉన్నప్పుడు లూడెరిట్స్ ఎవరో తెలియదు. మార్చాకే లూడెరిట్స్, కొర్నేలియుస్ ఇద్దరి గురించీ తెలుసుకున్నాను.

ఒక్క అన్నా ముంగుండా పేరు మాత్రం నాకు ఈ వరసలో పూర్తిగా అతకలేదు. ఆమె 1959 డిసెంబర్ 10న నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో, నల్లవాళ్లను ఊరి బయటికి తరలించడాన్ని వ్యతిరేకించిన నిరసనలో కాల్పులకు బలైంది. హెరెరో తెగ స్త్రీ, గొప్ప ధైర్యం, సందేహం లేదు. కానీ అప్పుడు ఏలుతున్నది దక్షిణాఫ్రికా తెల్ల ప్రభుత్వం, జర్మన్లు కాదు. వీధులకు స్త్రీల పేర్లు తక్కువ కాబట్టి వాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది బెర్లిన్ నియమం. బహుశా అందుకే ఆమెను ఎంచి ఉంటారు, అది మంచిదే.

నియమాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. బెర్లిన్‌లో వీధి పేరు తేల్చేది ఆ వీధి ఉన్న బరో (నగరంలో ఒక పాలనా విభాగం) కార్యాలయం. మనిషి పోయి కనీసం ఐదేళ్లు కాకుండా పేరు పెట్టకూడదు. మన దగ్గరిలా బతికున్న నాయకుడి పేరుతో కాలనీ వెలవడం ఇక్కడ కుదరదు. పేరు మార్చాలంటే ఆ వీధివాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టొచ్చు, కోర్టుకూ వెళ్లొచ్చు. ఏళ్ల తరబడి సాగింది అందుకే.

ఉండేవాళ్లకు ఏమవుతుందంటే, అనుకున్నంత టెన్షన్ కాదు గానీ చిన్నచిన్న తలనొప్పులు ఉంటాయి. మా రిజిస్టర్డ్ అడ్రస్‌ను ఆఫీసువాళ్లే మార్చుకున్నారు. రెసిడెన్స్ కార్డు మీద కొత్త అడ్రస్ స్టిక్కర్ ఫీజు లేకుండా వేశారు. పాత బోర్డును వెంటనే తీయరు, ఎర్ర గీతతో కొట్టేసి కొత్త బోర్డు పక్కనే కొన్నాళ్లు ఉంచుతారు. ఉత్తరాలు పాత పేరుతో కూడా వచ్చాయి. ఇబ్బందల్లా ఆన్‌లైన్ ఫారాలతోనే. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైట్ చాలా రోజులు మా కొత్త వీధిని ఒప్పుకోలేదు, "ఈ వీధి లేదు" అని ఎర్రగా చూపించేది. హైదరాబాద్‌లో అమ్మకు కొత్త అడ్రస్ చెప్పడం ఇంకో కథ. "ఇల్లు మారారా? మరి చెప్పలేదేం?" అని కాసేపు నిష్టూరం.

కింద అంతస్తులో ఉండే పెద్దావిడ పేరు మార్పుకు వ్యతిరేకంగా సంతకం పెట్టింది. ఆవిడకు లూడెరిట్స్ మీద ప్రేమేమీ లేదు. "పుట్టినప్పటి నుంచి ఇదే అడ్రస్, ఈ వయసులో కొత్త పేరు ఎలా గుర్తుపెట్టుకోను?" అన్నదే ఆవిడ బాధ. వ్యతిరేకించినవాళ్లందరినీ జాత్యహంకారులని తీసిపారేయడం నాకు నచ్చదు. చిన్న షాపులవాళ్లకు బోర్డులు, బిల్లు పుస్తకాలు, స్టాంపులు మార్చుకునే ఖర్చు కూడా నిజమే.

మళ్లీ బెర్లిన్ వస్తే యూ6 మెట్రోలో రేబెర్గె స్టేషన్ దగ్గర దిగండి. ఒటావీ ష్ట్రాసె మూలలో ఈ పేర్ల చరిత్ర రాసిన సమాచార ఫలకం ఉంది, 2012లో పెట్టారు. ఏం రాయాలో ఒప్పందం కుదరక, ముందువైపు ఒక కథనం, వెనకవైపు ఆఫ్రికన్ సంఘాలు రాసిన మరో కథనం చెక్కించారు. రెండు వైపులా చదవండి. ఓపికుంటే అదే మెట్రోలో నగరం నడిబొడ్డుకు వెళ్లి, 2025 ఆగస్టు 23 నుంచి ఆంటోన్ విల్‌హెల్మ్ ఆమో పేరున్న వీధి కూడా చూడొచ్చు. ఇప్పటి ఘనా ప్రాంతంలో పుట్టి, 18వ శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాల్లో తత్వశాస్త్రం చెప్పిన మనిషి ఆయన. పాత పేరు నల్లవాళ్లను కించపరిచే మాట. అక్కడ కూడా కోర్టు కేసులు చివరి రోజుల దాకా నడిచాయి.

మనవాళ్ల పేర్లు కూడా ఉన్నాయా అని ఎలాగూ అడుగుతారు. ఉన్నాయి. గ్ర్యూనావులో రవీంద్రనాథ్ ఠాగూర్ వీధి, వైసెన్‌జే వైపు ఇందిరా గాంధీ వీధి. రెండూ ఒకప్పటి తూర్పు బెర్లిన్‌లోనే.