లైన్ ట్రాన్సిస్టర్ పదే పదే ఎందుకు పోతోంది?

ప్రశ్న: 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీలో లైన్ ట్రాన్సిస్టర్ (తెరమీద గీతలు గీసే కిరణాన్ని నడిపేది) డీ1555 కొత్తది వేసి ఆన్ చేయగానే షార్ట్ అయిపోతోంది. ఎల్‌ఓటీ (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్) మార్చేయమంటారా?
– ఒక టీవీ మెకానిక్, కావలి

జవాబు: అప్పుడే వద్దండీ. ఆ సెక్షన్‌లో అన్నిటికన్నా ఖరీదైనది ఎల్‌ఓటీ. దాని జోలికి పోయేముందు ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి గ్రౌండుకి వేసిన ట్యూనింగ్ కెపాసిటర్ చూడండి.

మన పిక్చర్ ట్యూబు టీవీల్లో తెరమీద ఒక గీతకు 64 మైక్రోసెకన్లు. కిరణం ఎడమ నుంచి కుడికి పోవడానికి సుమారు 52, వెనక్కి రావడానికి 12. వెనక్కి వచ్చే ఆ 12 మైక్రోసెకన్లూ ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉంటుంది. యోక్‌లోనూ (కిరణాన్ని తిప్పే, ట్యూబు మెడ మీది చుట్ట) ఎల్‌ఓటీ చుట్టలోనూ ఉన్న శక్తి కెపాసిటర్‌లోకి ఎక్కి, మళ్లీ చుట్టలోకి దిగుతుంది. తర్వాత గీత మొదటి సగాన్ని డ్యాంపర్ డయోడ్ నడిపిస్తూ మిగిలిన శక్తిని సప్లైకి తిరిగి ఇస్తుంది. ప్రతి గీతకూ ఆ శక్తిని వేడిగా పారబోయకుండా మళ్లీ వాడుకోవడం అద్భుతమైన ఆలోచన. 1930ల్లో ఈఎంఐ ఇంజినీరు అలన్ బ్లమ్లైన్ ఈ దారి వేశాడు. ట్యూబుకు కావలసిన 25 కిలోవోల్టులు కూడా ఈ పల్స్ నుంచే పుడతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. బీ ప్లస్ (ఈ సెక్షన్‌కు అందే డీసీ సప్లై) 110 వోల్టులైతే కలెక్టర్ మీద పల్స్ సుమారు 860 వోల్టులు. కెపాసిటర్ విలువ సగానికి పడితే కిరణం తొందరగా వెనక్కి వస్తుంది, పల్స్ 1,240 దాకా ఎగబాకుతుంది. మూడో వంతుకు పడితే 1,500 దాటుతుంది. డీ1555 తట్టుకునేది సరిగ్గా 1,500 వరకే. మీరు ఎన్ని ట్రాన్సిస్టర్లు మార్చినా అదే గతి. కొన్ని సెట్లలో రెండు మూడు కెపాసిటర్లు కలిపి ఆ విలువ తెస్తారు. అక్కడ ఒకదాని కాలు దగ్గర డ్రై సోల్డర్ (సరిగా అంటని అతుకు) ఉన్నా చాలు.

మొదట మెయిన్స్ తీసి, 300 వోల్టుల పెద్ద కెపాసిటర్‌ను రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేయండి. ట్యూబు యానోడ్‌ను కూడా ట్యూబు బయటి ఎర్త్ తీగకు తాకించి డిశ్చార్జ్ చేయండి. లైన్ ట్రాన్సిస్టర్ తీసేసి, బీ ప్లస్ నుంచి కోల్డ్ గ్రౌండుకి (మెయిన్స్‌తో సంబంధం లేని గ్రౌండు) 60 వాట్ల బల్బు కట్టి ఆన్ చేయండి. పొరపాటున మెయిన్స్ వైపు హాట్ గ్రౌండు పట్టుకోవద్దు. బోర్డు మీద రాసిన వోల్టేజీ వస్తే సరే. 130, 140 వస్తే తప్పు పవర్ సప్లైలోనే ఉంది. సరిగ్గా వస్తే ట్యూనింగ్ కెపాసిటర్ తీసి మీటర్‌తో కొలవండి. మార్చేటప్పుడు అదే విలువ, 1,600 లేదా 2,000 వోల్టుల పాలీప్రొపిలీన్ రకమే వేయండి. మామూలు సెరామిక్ డిస్క్ వేస్తే సెకనుకు 15,625 సార్లు వచ్చే కరెంటుకు వేడెక్కి పోతుంది.

ఆ తర్వాత కొత్త ట్రాన్సిస్టర్ వేసి, మెయిన్స్‌కు 100 వాట్ల సీరీస్ బల్బు పెట్టి ఆన్ చేయండి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే వెంటనే ఆపేయండి. అప్పుడు ఎల్‌ఓటీనో యోక్‌నో అనుమానించాలి.

ఆన్ చేయగానే పోకుండా, బాగా వేడెక్కి పది పదిహేను నిమిషాలకు పోతుంటే అది వేరే జబ్బు. బేస్‌కు డ్రైవ్ (ఆన్ చేసే కరెంటు) చాలక ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కావడం లేదన్నమాట. డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లు మళ్లీ సోల్డర్ చేయండి, డ్రైవర్ సప్లైలోని ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ మార్చండి.

ఇంకో మాట. డీ1555లో డ్యాంపర్ డయోడ్, బేస్–ఎమిటర్ రెసిస్టర్ లోపలే ఉంటాయి. బేస్–ఎమిటర్ మధ్య రెండు వైపులా కొద్ది ఓములే చూపిస్తే షార్ట్ అనుకుని మంచి ట్రాన్సిస్టర్ పారేయకండి. దాని బదులు డయోడ్ లేని బీయూ508ఏ వేస్తే మాత్రం కచ్చితంగా పోతుంది.

ప్రశ్న: ఎల్ఈడీ టీవీ 12 వోల్టుల అడాప్టర్ 15 వోల్టులు ఇస్తోంది. పొలాల మోటార్లు ఆపగానే మా ఊళ్లో కరెంటు పెరుగుతుంది. అందుకేనా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: కాదు. మంచి అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల వరకు ఎంత వచ్చినా 12 దగ్గరే నిలబడాలి. ముందు దాన్ని టీవీ నుంచి తీసేయండి. లోపల వోల్టేజీకి టీఎల్431 అనే మూడు కాళ్ల ఐసీ కాపలా ఉంటుంది. అవుట్‌పుట్‌ను రెండు రెసిస్టర్లతో పంచి, దాని రిఫరెన్స్ కాలికి 2.495 వోల్టులు వచ్చేలా కడతారు. కింద 10 కిలోఓములు, పైన 38 ఉంటే 12 వోల్టులు. పై రెసిస్టర్ ముదిరి 50 అయితే సరిగ్గా మీ 15. అది పూర్తిగా తెగితే అవుట్‌పుట్ అదుపు తప్పి కెపాసిటర్లు ఉబ్బుతాయి. కింది రెసిస్టర్ తెగితే దీనికి వ్యతిరేకం, వోల్టేజీ లేవదు. అందుకే రెండింటినీ ఒక కాలు ఎత్తి కొలవండి. భాగాలు కదలకుండా పోసిన జిగురు గోధుమరంగుకు తిరిగి ఉంటే గీకి శుభ్రం చేయండి. అలాంటి జిగురు కింది రెసిస్టర్‌కు అడ్డంగా కరెంటు పారించి కూడా వోల్టేజీ పెంచుతుంది.

ఐసీని పరీక్షించడం తేలిక. బయటికి తీసి రిఫరెన్స్, క్యాథోడ్ కాళ్లు కలిపి, 12 వోల్టుల నుంచి 1 కిలోఓము ద్వారా సప్లై ఇచ్చి, యానోడ్ గ్రౌండుకి పెట్టండి. 2.5 వస్తే మంచిది. కొత్తది చిప్ రకమైతే జాగ్రత్త, టీఎల్432 పనిలో ఒకటే గానీ కాళ్ల వరస వేరు.

వేడెక్కినా ఆ 2.5 కదలకపోవడం వెనక బాబ్ విడ్లర్ 1970 ప్రాంతంలో ఐసీల్లోకి తెచ్చిన బ్యాండ్‌గ్యాప్ సూత్రం ఉంది. ట్రాన్సిస్టర్ బేస్–ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వేర్వేరు కరెంటు సాంద్రతలతో నడిచే రెండు ట్రాన్సిస్టర్ల మధ్య తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. ఆ తేడాను తగినంత పెంచి కలిపితే తగ్గుదలా పెరుగుదలా చెల్లుకుపోతాయి. సిలికాన్ లోపాన్ని సిలికాన్‌తోనే సరిచేసిన ఇంత అందమైన పరిష్కారం అనలాగ్ రంగంలో అరుదు.

ప్రశ్న: ఆప్ ఆంప్ (సిగ్నల్ పెంచే ఐసీ) లోపలి డిఫరెన్షియల్ జతకు టీవీతో సంబంధం ఉందా?
– పాలిటెక్నిక్ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఉందమ్మా. పైన చెప్పిన బ్లమ్లైనే 1936లో వాల్వులతో ఆ జతకు పేటెంట్ దాఖలు చేశాడు. రెండు తీగల్లోనూ సమానంగా వచ్చే రొదను కొట్టేసి తేడాను మాత్రమే పెంచడం దాని పని. కలర్ సిగ్నల్ విడదీసే ఐసీల్లో వాడిన గిల్బర్ట్ సెల్ అనే సర్క్యూట్ కూడా ఇలాంటి జతలను ఒకదానిమీద ఒకటి పేర్చిందే.

ప్రశ్న: ఎల్ఈడీ టీవీలో మాటలు వస్తున్నాయి, బొమ్మ లేదు.
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం

జవాబు: చీకట్లో తెరమీదికి టార్చి ఏటవాలుగా కొట్టండి. లీలగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయింది. ఎల్ఈడీలు వరసగా సీరీస్‌లో ఉంటాయి, ఒకటి తెగితే ఆ వరసంతా ఆరుతుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి స్ట్రిప్ కనెక్టర్లకు పచ్చగా చిలుము పట్టిందేమో ముందు చూడమనండి. ఒక్క ఎల్ఈడీ కాకుండా స్ట్రిప్పులన్నీ ఒకేసారి మార్పించుకోండి. 3 వోల్టుల స్ట్రిప్ ఉన్నచోట 6 వోల్టులది వేయనీయకండి. మార్చాక డ్రైవర్ సెన్స్ రెసిస్టర్ (ఎల్ఈడీల కరెంటును కొలిచేది) విలువ కొంచెం పెంచి కరెంటును నాలుగో వంతు తగ్గించమని అడగండి. వెలుగు కొద్దిగా తగ్గినా వేడి తగ్గి స్ట్రిప్పులు ఎక్కువకాలం వస్తాయి.