తీగ లేని ఇంటి ఇంటర్నెట్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

డాబా మీద చిన్న యాంటెన్నా బిగించి, దగ్గర్లోని టవరు నుంచి ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే పద్ధతిని పరిశ్రమవారు ఫిక్స్‌డ్ వైర్‌లెస్ అంటున్నారు. జనం నోట్లో అది ఎయిర్‌ఫైబర్. దీని గురించి విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాం.

ప్రశ్న: మధురవాడ దాటాక కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఫైబర్ అడిగితే మా వీధికి ఇంకా కేబుల్ రాలేదంటున్నారు. 5జి యాంటెన్నా పెడతామని ఒక కంపెనీవాళ్లు తిరుగుతున్నారు. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. తీసుకోవచ్చా? రెండేళ్లకే మూతపడే వ్యాపారం కాదు కదా? – ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మీ రెండో సందేహం అకారణమైనది కాదు, ఎందుకంటే ఈ పరిశ్రమ ఇంతకు ముందు దెబ్బతిన్నదే. అమెరికాలో విన్‌స్టార్, టెలిజెంట్ అనే కంపెనీలు భవనాల పైకప్పుల మీద రేడియోలు (సిగ్నల్‌ను పంపే, అందుకునే పరికరాలు) పెట్టి కార్యాలయాలకు కనెక్షన్లు ఇవ్వబోయి, అప్పులు తీర్చలేక 2001లో దివాలా తీశాయి. మన దేశంలోనూ 2010లో బ్రాడ్‌బ్యాండ్ కోసమని ప్రత్యేకంగా రేడియో తరంగాలు (స్పెక్ట్రమ్) వేలం వేశారు గానీ, అప్పట్లో ఎంతో ఆశపెట్టిన వైమాక్స్ అనే తీగ లేని బ్రాడ్‌బ్యాండ్ పరిజ్ఞానం నిలదొక్కుకోలేదు. పరికరాల ధర ఎక్కువ కావడం ఒక కారణమైతే, టవర్లు, రేడియోలు అన్నీ ఈ ఒక్క సేవ కోసమే సమకూర్చుకోవలసి రావడం అంతకంటె పెద్ద కారణం.

ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. 2022 ఆగస్టు 1న ముగిసిన 5జి వేలంలో కంపెనీలు రూ.1,50,173 కోట్ల విలువైన తరంగాలు కొన్నాయి. మొబైల్ చందాదారుల కోసం దేశమంతటా 5జి రేడియోలు నిలబెట్టాయి. ఫోన్లు వాడుకోగా మిగిలిన సామర్థ్యాన్ని ఇళ్లకు అమ్ముకోవడమే ఇప్పటి వ్యాపారం. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబయిలలో, ఆ మరుసటి నెల 19న జియో 8 నగరాల్లో ఈ సేవ మొదలుపెట్టాయి. రెండేళ్లు తిరగకముందే జియో ఒక్కదానికే ఇలాంటి కనెక్షన్లు 70 లక్షలు దాటాయి. వాటిలో కొంత భాగం 5జి మీద కాక, లైసెన్సు అక్కరలేని 5 గిగాహెర్ట్జ్ రేడియోల మీద నడుస్తున్నదన్న సంగతి మాత్రం ప్రకటనల్లో కనిపించదు. ప్రపంచం మొత్తం మీద 2030 చివరికి ఫిక్స్‌డ్ వైర్‌లెస్ కనెక్షన్లు 35 కోట్లకు చేరతాయని ఎరిక్‌సన్ 2025 నివేదిక అంచనా కట్టింది. పరికరాలు అమ్ముకునే సంస్థ వేసిన అంచనా కాబట్టి కొంత తగ్గించి చూసినా, ఇది మూతపడే దారిలో ఉన్న వ్యాపారంలా కనిపించడం లేదు.

ఇక తీసుకోవచ్చా అంటే, అది మీ డాబాను బట్టి, మీ టవరును బట్టి ఉంటుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోన్‌లోని యాప్‌ను చూస్తూ యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పుతాడు. ఆ తెరమీద సిగ్నల్ బలం మైనస్ 80 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 105 దాటి కిందికి పోతుంటే, పిట్టగోడకు ఏ మూలన బిగించినా తరువాత ఇబ్బంది తప్పదు. ఆ అంకెను మీరే అడిగి చూడండి. మన ఊళ్లో సగం వీధులకు ఏదో ఒక కొండ అడ్డుంటుంది కనుక, పక్కింట్లో బాగుందన్న మాట మీ ఇంటికి సాక్ష్యం కాదు. యాంటెన్నా నుంచి కిందికి దిగే కేబుల్ కిటికీలోకి పోయేముందు కాస్త వేలాడేలా ఒక వంపు ఉంచమనండి; లేకపోతే వాన నీరు తీగ వెంటే లోపలికి వస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుప క్లాంపు తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపు అడగడంలో తప్పులేదు.

వేగాన్ని మధ్యాహ్నం కాదు, రాత్రి 8 నుంచి 10 మధ్య, వీలైతే ఆదివారం నాడు పరీక్షించండి. వీడియో సమావేశాలకు దింపుకొనే వేగంతో పాటు పంపే వేగం కూడా ముఖ్యం. ఈ పద్ధతిలో అది దింపుకొనే వేగంలో చిన్న భాగమే ఉంటుంది. ఏడాది సొమ్ము ఒకేసారి కడితే బిగింపు ఖర్చు మాఫీ అంటారు గానీ, మొదట తక్కువ గడువుకే తీసుకొమ్మని మా సలహా.

ప్రశ్న: పెందుర్తి దగ్గర కేబుల్ టీవీ, ఇంటర్నెట్ కనెక్షన్లు నడుపుతున్నాను. నెలనెలా కొందరు ఎయిర్‌ఫైబర్‌కు మారిపోతున్నారు. మాలాంటి వాళ్లం ఇక దుకాణం కట్టేయవలసిందేనా? – ఒక కేబుల్ ఆపరేటరు

జవాబు: కట్టేయనక్కరలేదు, అయితే ఎదుటివారి బలం ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాలి. తీగ లేని సేవకు పెద్ద బలం తవ్వకం, స్తంభాల అద్దె, అనుమతుల బాధ లేకపోవడం. పొద్దున్న అడిగితే సాయంత్రానికి బిగించి పోగలరు. అద్దెకుండేవారు ఇల్లు మారితే పరికరాన్ని విప్పించి వెంట తీసుకుపోగలరు. ఈ విషయంలో మీరు పోటీపడలేరు.

అసలు పరిమితి టవరులో ఉంది. టవరు మీద ఒక్కో దిక్కుకు ఒక్కో రేడియో ఉంటుంది. ఆ దిక్కులోని ఫోన్లు, ఇళ్లు అన్నీ ఒకే సామర్థ్యాన్ని పంచుకోవాలి. 5జి వాడే 3.3 గిగాహెర్ట్జ్ తరంగాల వద్ద 100 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉన్న రేడియో అందరికీ కలిపి సగటున 600 ఎంబీపీఎస్ ఇస్తుందనుకుందాం. రాత్రివేళ ఒక ఇంట్లో పెద్ద టీవీలో సినిమా, పిల్లల ఫోన్లలో వీడియోలు కలిపి 15 ఎంబీపీఎస్ లాగితే, 40 ఇళ్లతోనే ఆ రేడియో నిండిపోతుంది. ఫోన్లకు ఏమీ మిగలదు. అందరూ ఒకేసారి చూడరు కనుక ఆచరణలో ఇంకా ఎక్కువ ఇళ్లకు ఇవ్వగలరు, కానీ హద్దు మాత్రం ఉంది. నోకియా లెక్క ప్రకారం 2024లో మన దేశంలో మొబైల్ వాడకందారు సగటున నెలకు 27.5 జీబీ వాడగా, ఎయిర్‌ఫైబర్ ఇల్లు దానికి సుమారు 12 రెట్లు వాడుతోంది. అంటే 330 జీబీ. ఒక ఇంటి నుంచి వచ్చే రాబడి మాత్రం మొబైల్ చందాకు 12 రెట్లు ఉండదు. ఖాళీ సామర్థ్యం ఉన్నన్నాళ్లు ఇది లాభమే. అది నిండాక కంపెనీ ఆ వీధిలో కొత్త కనెక్షన్లు ఆపాలి, ధర పెంచాలి, లేదా కొత్త రేడియోలు పెట్టాలి. నెలకు 1000 జీబీ దాటితే వేగం తగ్గిస్తామన్న షరతు అనేక పథకాల్లో ఉండటానికి కారణం ఇదే.

కొత్త రేడియోలంటే 26 గిగాహెర్ట్జ్‌వి. ఆ తరంగాల పట్టీలో జియోకు ఒక్కో టెలికాం సర్కిల్‌కు (దాదాపు ఒక రాష్ట్రమంత పరిధికి) 1000 మెగాహెర్ట్జ్ ఉంది కనుక సామర్థ్యానికి కొదవ లేదు గానీ, ఆ తరంగాలు చెట్టు ఆకులకూ గోడకూ ఆగిపోతాయి, కుండపోత వానకు బలహీనపడతాయి, కొన్ని వందల మీటర్లకు మించి నమ్మకంగా చేరవు. ఆ రేడియోలను వీధి వీధికీ పెట్టాలంటే వాటి దాకా ఫైబర్ పోవాలి. మీ దగ్గర ఉన్నది ఆ ఫైబరే. స్తంభం మీది తీగల వరుసలో మీకున్న చోటును తక్కువ చేసుకోకండి.

పెందుర్తి లాంటి చోట తీగ లేని సేవ మీ ఖాతాదారుల్లో తక్కువ వాడేవారిని, అద్దెవారిని తీసుకుపోతుందని, ఎక్కువ వాడే సొంతింటివారు మీతోనే ఉంటారని నా అంచనా. ఆ ఉండేవారికి ఫిర్యాదు చేసిన రోజే మనిషిని పంపడం మీ చేతిలోని పని. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో రూ.149కే టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇస్తామని వచ్చినప్పుడు కూడా ఆపరేటర్ల పని అయిపోయిందన్నారు. ఇంటిదాకా తీగ లాగడానికి చివరికి ఆ పథకానికీ ఆపరేటర్లే కావలసి వచ్చారు. కేబుల్ లాగలేని గెడ్డకు అవతలి ఇళ్లు, కొండవాలు కాలనీలు ఉంటే, లైసెన్సు అక్కరలేని 5 గిగాహెర్ట్జ్ రేడియోను మీరు భాగస్వామిగా ఉన్న ఇంటర్నెట్ సంస్థ ద్వారా మీరే పెట్టించవచ్చు.

ప్రశ్న: ఎయిర్‌ఫైబర్ పెట్టించాక మా ఇంటి సీసీ కెమెరాలు అమెరికాలో ఉన్న మా అబ్బాయికి కనిపించడం లేదు. – ఒక రిటైర్డు ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి ఇంటర్నెట్ చిరునామా (ఐపీ అడ్రస్) ఇవ్వడం వల్ల, కెమెరా రికార్డరును బయటి నుంచి నేరుగా తెరిచే పాత పద్ధతి ఇందులో పనిచేయదు. రికార్డరు కంపెనీవారి క్లౌడ్ యాప్‌లో కెమెరాలను నమోదు చేయించండి. సాధారణంగా సరిపోతుంది.

ప్రశ్న: తుపాను వస్తే ఏది నయం? హుద్‌హుద్ రోజులు మరిచిపోలేం. – ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన తీరం దాటినప్పుడు చెట్లు కూలి స్తంభాల మీది తీగలు తెగాయి, కరెంటు లేక టవర్లూ మూగబోయాయి. అంతటి గాలికి రెండూ పోతాయి. తేడా తిరిగి లేచే వేగంలో ఉంటుంది: టవరుకు జనరేటరు, డీజిలు చేరి, దానికి వెళ్లే ఫైబర్ బాగుపడితే వందల ఇళ్లు ఒక్కసారిగా కలుస్తాయి, తెగిన కేబుళ్లను మాత్రం వీధి వీధికీ తిరిగి అతకాలి. కనుక ఈ ఒక్క విషయంలో తీగ లేనిదే కాస్త మేలు. మామూలు వానకు 3.3 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చెప్పుకోదగినంత తగ్గదు. గాలికి యాంటెన్నా దిశ మారితే మళ్లీ సరిచేయించాలి. ఇంట్లో రూటరుకూ, యాంటెన్నాకు కరెంటు పంపే డబ్బాకూ ఇన్వర్టరు కనెక్షన్ ఇప్పించుకోండి.

ప్రశ్న: గూగుల్ డేటా సెంటరు, సముద్రగర్భ కేబుళ్లు విశాఖకు వస్తే మా ఇంటి నెట్ వేగం పెరుగుతుందా? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: నేరుగా పెరగదు. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన ప్రాజెక్టు వల్ల విశాఖ నుంచి విదేశాలకు దారి దగ్గరవుతుంది. మీ ఇంట్లో సాయంత్రం వీడియో ఆగిపోవడానికి కారణం సాధారణంగా ఆ దారి కాదు, మీ ఇంటికీ టవరుకూ మధ్య ఉన్న ఇరుకు. కొత్త కేబుళ్లతో పాటు నగరంలో ఫైబర్ మార్గాలు పెరిగి, అవి గాజువాక టవర్ల దాకా వస్తే మీకు ప్రయోజనం ఉంటుంది. అందాకా కనెక్షన్ తీసుకునేముందు మీ టవరుకు ఫైబర్ ఉందా, లేక మరో టవరు నుంచి తీగ లేకుండా కలిపే మైక్రోవేవ్ లింకా అని కంపెనీ మనిషిని అడగండి. ఫైబర్ ఉన్న టవరు కిందే ఈ కనెక్షన్ తీసుకోవడం మంచిది.