కమాను పట్టీ కత్తి నీళ్లలో పగిలిపోతుంటే

అన్నా, బరంపురం నుంచి విజయనగరం వచ్చి పగలు వెల్డింగ్, రాత్రి కత్తుల పని అని రాశారు. లారీ కమాను పట్టీతో చేసిన మూడు కత్తులూ నీళ్లలో ముంచగానే టిక్కుమని పగిలాయన్నారు. టెన్షన్ పడకండి, లోపం మీ చేతిలో లేదు. అది నూనెలో ముంచాల్సిన ఉక్కు. నీళ్లలో మరీ వేగంగా చల్లబడి చీలిపోతుంది.

వంట నూనె చాలు. 50-60 డిగ్రీలకు వేడి చేసి, మూత ఉన్న ఇనుప డబ్బాలో పోయండి. మంట లేస్తే వెంటనే మూసేయొచ్చు. కత్తి ఎర్రబడ్డాక అయస్కాంతం ఆనించి చూడండి. సుమారు 770 డిగ్రీల దగ్గర అంటుకోవడం మానేస్తుంది. ఇంకొంచెం రంగు రానిచ్చి, మొన కిందికి ఉంచి నిటారుగా ముంచండి. పక్కకు ఊపితే వంగిపోతుంది. అంచు ముందే పల్చగా అరగదీయొద్దు, రూపాయి బిళ్ల మందం ఉంచండి.

చల్లారాక ఆకురాయితో గీస్తే పట్టకుండా జారిపోవాలి, అంటే కత్తి గట్టిపడినట్టే. అప్పుడు ఆలస్యం చేయకుండా 200 డిగ్రీల ఓవెన్‌లో రెండేసి గంటలు, రెండుసార్లు పెట్టండి. మెరుగు పెట్టిన చోట ఎండుగడ్డి రంగు వస్తుంది. నేను శ్రీకాకుళం వచ్చిన కొత్తలో ఇలా ఓవెన్‌లో పెట్టడం వదిలేశాను. పక్కింటి పిన్నికి చేసిచ్చిన కత్తిపీట పనసకాయ కోస్తుంటే పెచ్చులూడింది. ఆ రోజు చాలా బాధపడ్డాను.

ఈసారి వాడని పట్టీ ముక్క తీసుకోండి. పాతవాటిలో కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు.