పుట్టగొడుగుల సెషన్‌కు వెళ్ళే ముందు

చిరంజీవి కిరణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. దిగులు తగ్గడానికి పోర్ట్‌లాండ్‌లో లైసెన్సున్న సెంటర్‌లో సైలోసైబిన్, అంటే ఆ పుట్టగొడుగుల్లో ఉండే మందు, తీసుకోవాలనుకుంటున్నానని రాశావు. వద్దని కొట్టిపారెయ్యను. ఏ మందూ పట్టక ఏళ్ళ తరబడి దిగులుతో నలిగినవాళ్ళని నా సర్వీసంతా చూశాను.

కానీ మీ ఇంట్లో నీకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. మీ బాబాయికి ఉన్నది నరాల వీక్‌నెస్ కాదు, బైపోలార్: కొన్నాళ్ళు పట్టలేని హుషారు, కొన్నాళ్ళు లోతైన దిగులు వచ్చే జబ్బు. సంబంధాలు చెడతాయని మీ నాన్నమ్మ దాచింది. నీకు చెప్పనా అని అతన్నే అడిగాను, చెప్పమన్నాడు. దగ్గరి రక్తసంబంధీకుల్లో బైపోలార్ గానీ, లేనివి వినిపించే స్కిజోఫ్రీనియా గానీ ఉన్నవాళ్ళని ఈ మందు ప్రయోగాల్లో చాలావాటిలో చేర్చుకోలేదు. లోపల అణిగి ఉన్న ఉన్మాదాన్ని ఇది లేపుతుందేమోనన్న భయం. నీకెప్పుడైనా వరసగా కొన్ని రోజులు నిద్ర లేకపోయినా అలసట తెలియని హుషారు వచ్చిందా? ఆ రోజుల్లో డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టావా? అవునంటే ఇక్కడితో ఆగిపో. కాదన్నా, నీ సైకియాట్రిస్టుకి బాబాయి సంగతి చెప్పకుండా ఆ గడప తొక్కకు. మీ ఓరెగాన్ రాష్ట్రంలో డాక్టర్ చీటీ అక్కర్లేదు, 21 ఏళ్ళు నిండితే చాలు. సెంటర్‌వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, నిజమే. నీకే తెలియని జవాబు నువ్వెలా రాస్తావు?

దిగులుకి నువ్వు వేసుకునే ఎస్సిటాలోప్రామ్ మాత్ర నీ అంతట నువ్వు ఆపకు. ఒక్కసారిగా మానేస్తే తల తిరగవచ్చు, దిగులూ తిరగబెట్టవచ్చు.

నువ్వు హెచ్-1బీ మీద ఉన్నావు. 2020లో ఓటేసి ఓరెగాన్ ఒప్పుకున్నా, ఫెడరల్ చట్టంలో సైలోసైబిన్ నిషిద్ధమే. వీసావాళ్ళు చూసేది ఆ చట్టాన్నే. వాడానని ఒప్పుకోవడమే గ్రీన్‌కార్డుకు అడ్డు కావచ్చు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు.

ఫలితం మాటకొస్తే, 2022లో వెలువడిన పెద్ద ప్రయోగంలో 233 మంది ఉన్నారు. 25 మిల్లీగ్రాములు ఒక్కసారి తీసుకున్నవాళ్ళకి మూడు వారాలకు దిగులు బాగా తగ్గింది. పన్నెండు వారాల దాకా ఆ మేలు నిలిచింది వాళ్ళలో అయిదుగురిలో ఒకరికే. అదీ పక్కన థెరపిస్టులు కూర్చుంటే.

చెట్టూ పుట్టా తనవాళ్ళే అనిపిస్తుందట అని రాశావు. తీసుకున్నవాళ్ళు కొందరు అధ్యయనాల్లో ఆ మాటే చెప్పారు. మెక్సికోలో మజటెక్ తెగవాళ్ళు ఈ పుట్టగొడుగుల్ని జబ్బు నయం చెయ్యడానికి వాడేవారు. వాళ్ళ వైద్యురాలు మరియా సబీనా రాత్రంతా పాడుతూ రోగి పక్కనే కూర్చునేది. 1950ల తర్వాత వింత అనుభూతి కోసం బయటివాళ్ళు ఎగబడ్డారు, ఆ కోపంలో ఊళ్ళోవాళ్ళు ఆమె ఇల్లు తగలబెట్టారు. నాకు అందులో ముఖ్యమనిపించేది ఆ పక్కన కూర్చునే మనిషి. సెషన్ అయ్యాక నిన్ను ఇంటికి తీసుకెళ్ళి, అన్నం పెట్టి, ఆ వారమంతా నీ మాట వినేవాళ్ళు ఎవరున్నారు? పేరు చెప్పలేకపోతే ముందు ఆ మనిషిని సంపాదించుకో.

అడవి కోసం అయితే ఆగక్కర్లేదు. ఫారెస్ట్ పార్క్ మీ ఊళ్ళోనే ఉంది. 2015లో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు చూశారు: చెట్ల మధ్య 90 నిమిషాలు నడిచినవాళ్ళకి ఒకే బాధని మళ్ళీ మళ్ళీ తవ్వుకోవడం తగ్గింది, రద్దీ రోడ్డు పక్కన నడిచినవాళ్ళకి తగ్గలేదు. ఈ శనివారమే వెళ్ళు. ఇయర్‌ఫోన్లు ఇంట్లో పెట్టి, ఆఫీసులో ఎవరినైనా రమ్మను.

బతకాలనిపించకపోతే 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, ఆ వెంటనే నాకు. అర్ధరాత్రయినా ఎత్తుతాను. ఆదివారం మాట్లాడదాం. ఆ హుషారు గురించి నేనడిగినదానికి జవాబు ఆలోచించి ఉంచు.

పెద్దమ్మ